నాలుగు వందల డాలర్ల గురువు

1800 డిసెంబరులో కెంటకీలోని మేస్‌లిక్ అనే పల్లె నుంచి ఒక బీద రైతు పదిహేనేళ్ల కొడుకును వెంటబెట్టుకుని సిన్సినాటి చేరాడు. అప్పటికి అదింకా ఒహైయో నది ఒడ్డున నాలుగు గుడిసెల ఊరే. పిల్లవాడి పేరు డేనియల్ డ్రేక్. తండ్రి అతన్ని డాక్టర్ విలియం గోఫోర్త్ ఇంట్లో అప్పగించాడు. ఒప్పందం సూటిగానే ఉంది. కుర్రవాడు నాలుగేళ్లు డాక్టరు ఇంట్లోనే ఉండి వైద్యం నేర్చుకోవాలి. మధ్యలో కొన్ని నెలలు లాటిన్ బడికి కూడా పంపాలి. అందుకు తండ్రి నాలుగు వందల డాలర్లు ఇచ్చుకోవాలి. అడవి నరికి పొలం చేసుకున్న కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు.

గురువు మొదట అప్పగించిన పనులు రెండు. క్విన్సీ రాసిన మందుల తయారీ గ్రంథం చదవడం ఒకటి, పాదరసం నూరి లేపనం చేయడం రెండోది. కొవ్వులో పాదరసం పూసలు కంటికి కనిపించకుండా పోయేదాకా నూరాలి. కల్వం ముందు కూర్చుని భస్మాలు నూరిన మన ఆయుర్వేద శిష్యుడికి గానీ, డాక్టరుగారి దగ్గర సీసాల్లో రంగు మందులు కలిపిన మన పాతకాలపు కాంపౌండరుకు గానీ ఆ కుర్రవాడి భుజాల నొప్పి వివరించనక్కర్లేదు.

గోఫోర్త్‌లాంటి గురువును అక్కడ 'ప్రిసెప్టర్' అనేవాళ్లు. ఇవాళ నర్సింగ్, ఫార్మసీ, మెడిసిన్ చదివే పిల్లలున్న తెలుగు ఇళ్లలోనూ ఈ మాట వినిపిస్తోంది. ఆసుపత్రిలోనో క్లినిక్‌లోనో విద్యార్థిని పక్కన నిలబెట్టుకుని, రోగిని చూస్తూనే చదువు చెప్పే మనిషి ప్రిసెప్టర్. అమెరికాలో ఈ పనికి చాలాచోట్ల జీతం లేదు. అది సేవ అనీ, వృత్తి ధర్మమనీ, ఎప్పటినుంచో అలాగే నడుస్తోందనీ చెబుతుంటారు. ఎప్పటినుంచో అన్న మాట మాత్రం నిజం కాదు. గోఫోర్త్ కాలంలో గురువుకు డబ్బు ముట్టేది. ఆ డబ్బు చేయి మారి ఎటు పోయిందన్నదే ఈ కథ.

అమెరికాలో మొదటి వైద్య కళాశాల 1765లో ఫిలడెల్ఫియాలో మొదలైంది. అంతకుముందు డాక్టరు కావాలంటే సముద్రం దాటి ఎడిన్‌బరోకో లండన్‌కో పోవాలి, లేదా ఒక డాక్టరు ఇంట్లో శిష్యుడిగా చేరాలి. చాలామందికి రెండోదే దారి. 19వ శతాబ్దం తొలినాళ్లకు ఫీజు ఏడాదికి వంద డాలర్ల దగ్గర స్థిరపడింది. గురువు తన పుస్తకాలు చదవనివ్వాలి, పరికరాలు వాడనివ్వాలి, రోగుల ఇళ్లకు వెంట తీసుకెళ్లాలి, చివర్లో యోగ్యతాపత్రం రాసివ్వాలి. శిష్యుడు మందులు నూరాలి, గది ఊడ్చాలి, గుర్రాన్ని చూసుకోవాలి, బాకీలు వసూలు చేసుకురావాలి. అంటే గురువుకు చేతికి డబ్బూ ముట్టేది, ఇంటికి పనివాడూ దొరికేవాడు.

ఆ రోజుల్లో ఫిలడెల్ఫియాలో పేరున్న ప్రిసెప్టర్ డాక్టర్ జాన్ రెడ్‌మన్. తర్వాత స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన బెంజమిన్ రష్ 1761 నుంచి 1766 దాకా ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. అన్నేళ్లలో తాను పని మానిన రోజులు పదకొండేనని రష్ తర్వాత గుర్తుచేసుకున్నాడు. 1762లో ఆ ఊరికి పచ్చజ్వరం వచ్చినప్పుడు శిష్యుడిగా రోగుల పక్కన నిలబడి చూసినదంతా రాసిపెట్టుకున్నాడు. 1793లో అదే జ్వరం మళ్లీ ఊరి మీద పడినప్పుడు, ఎదురుగా ఉన్నదేమిటో పోల్చుకోవడానికి ఆ కాగితాలే అక్కరకొచ్చాయి. పుస్తకంలో లేనిదాన్ని కంటితో చూపించే గురువు విలువ ఇంతకంటే బాగా తెలియజెప్పే ఉదాహరణ దొరకదు. ఇదే రెడ్‌మన్ దగ్గర జాన్ మోర్గన్ అనే మరో శిష్యుడు ఉండేవాడు. 1765లో కళాశాలను ప్రారంభించినవాడు అతనే. ఇంటి గురువు చేతి నుంచి చదువును మెల్లగా తీసుకున్న సంస్థకు పునాది వేసింది ఇంటి గురువు శిష్యుడే.

ఫీజు అడిగే అవసరమే రాని శిష్యులూ ఉన్నారు. జేమ్స్ డెర్‌హామ్ 1762లో ఫిలడెల్ఫియాలో బానిసగా పుట్టాడు. అతని యజమానుల్లో డాక్టర్లున్నారు. మందులు కలపడం, రోగుల పక్కన పనిచేయడం వాళ్ల దగ్గరే నేర్చుకున్నాడు. స్వేచ్ఛ పొందాక న్యూ ఆర్లీన్స్‌లో వైద్యుడిగా స్థిరపడ్డాడు. 1788లో అతన్ని కలిసిన రష్ అతని వైద్య జ్ఞానానికి ఆశ్చర్యపోయాడు. ఒప్పందాల్లో రాసుకున్న వందల డాలర్లు లెక్కపెట్టేటప్పుడు ఈ మనిషిని మరిచిపోకూడదు. అతని చదువుకు ఎవరూ రొక్కం కట్టలేదు. ఆ ధర అతని శరీరమే చెల్లించింది.

కళాశాలలు పెరిగాక ఒక రివాజు కుదిరింది. మూడేళ్లు ప్రిసెప్టర్ దగ్గర, ఆ లోపల రెండు సార్లు కళాశాలలో ఉపన్యాసాలు. రెండో ఏడాది చెప్పేవి కూడా మొదటి ఏడాది విన్నవే! విద్యార్థి ఒక్కో ప్రొఫెసరు దగ్గరికి వెళ్లి ఒక్కో సబ్జెక్టుకు టికెట్టు కొనుక్కునేవాడు. ఆ డబ్బు నేరుగా ప్రొఫెసరు జేబులోకి వెళ్లేది. కళాశాలలు ఏటా అచ్చువేసే జాబితాల్లో విద్యార్థి పేరు, ఊరు, వాటి పక్కనే ప్రిసెప్టర్ పేరు ఉండేవి. ఆ గడి ఖాళీగా ఉంటే చదువు సగమే అని లెక్క.

ఎలిజబెత్ బ్లాక్‌వెల్ కథలో ఆ పేరు బరువెంతో తెలుస్తుంది. బడిలో సంగీతం చెప్పి డబ్బు కూడబెట్టుకుంటూ ఆమె ఉత్తర, దక్షిణ కరోలినాల్లో డిక్సన్ సోదరుల దగ్గర వైద్య గ్రంథాలు చదివింది. ఆ తర్వాత ఫిలడెల్ఫియాలో డాక్టర్ జోసెఫ్ వారింగ్టన్ ఆమెకు అండగా నిలిచాడు. ఆడమనిషి అని కళాశాలలు వరసగా తలుపులు మూస్తుంటే, న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవా మెడికల్ కాలేజీకి ఆయనే సిఫారసు ఉత్తరం రాశాడు. అధ్యాపకులు నిర్ణయాన్ని విద్యార్థులకు వదిలేశారు. వాళ్లు అదేదో వేళాకోళమనుకుని సరే అన్నారు. 1849 జనవరి 23న ఆమె పట్టా పుచ్చుకుంది. ఒక ప్రిసెప్టర్ రాసిన ఉత్తరానికి అంతటి బలం ఉండేది.

అందరు గురువులూ వారింగ్టన్‌లు కారు. డబ్బు తీసుకుని పుస్తకాల అలమర చూపించి వదిలేసినవాళ్లు కొల్లలు. ఈ మాట బయటపెట్టినవాళ్లలో మన పాదరసం నూరిన డేనియల్ డ్రేకే ముఖ్యుడు. 1805లో గోఫోర్త్ తన చేత్తో రాసిచ్చిన పట్టా పట్టుకుని అతను ఫిలడెల్ఫియా వెళ్లాడు. కళాశాల డిగ్రీ చేతికొచ్చేసరికి 1816 అయింది. తానే 1819లో ఒహైయోలో కళాశాల పెట్టాడు. 1832లో వైద్య విద్య మీద అచ్చువేసిన వ్యాసాల్లో ఒకదాన్ని పూర్తిగా ఇంటి శిష్యరికానికే కేటాయించి, శిష్యుల్ని పట్టించుకోని గురువుల్ని తప్పుపట్టాడు. ఫీజు ఉన్నంత మాత్రాన చదువు ఉంటుందన్న భ్రమ అతనికి లేదు. ఆ విమర్శకు మందు గురువుల మీద పర్యవేక్షణ పెట్టడం. చివరికి జరిగింది మాత్రం గురువుల్ని పక్కకు నెట్టడం.

1893లో తెరుచుకున్న జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాలలో విలియం ఆస్లర్ విద్యార్థుల్ని వార్డుల్లోకి తెచ్చి రోగి మంచం పక్కన నిలబెట్టాడు. ఇంటి గురువు చేసే పని ఆసుపత్రి గోడల మధ్యకు వచ్చింది. 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అమెరికా, కెనడాల్లోని 155 కళాశాలలు చూసి రాసిన నివేదికతో నాసిరకం బడులు మూతపడ్డాయి. 1913లో రాక్‌ఫెల్లర్ సొమ్ముతో నడిచే జనరల్ ఎడ్యుకేషన్ బోర్డు, వైద్యం చెప్పే ప్రొఫెసర్లకు పూర్తికాలం జీతాల కోసం హాప్కిన్స్‌కు 15 లక్షల డాలర్లు ప్రకటించింది. రోగుల నుంచి వచ్చే ఆదాయం వదులుకుని జీతగాళ్లయితే ప్రొఫెసర్లు బయటి ప్రపంచానికి దూరమవుతారని, అప్పటికి ఆక్స్‌ఫర్డ్‌కు మారిన ఆస్లర్ అక్కడి నుంచి అడ్డు చెప్పినా ఆగలేదు. ప్రొఫెసరుకు జీతం వచ్చింది. విద్యార్థి ఫీజు కళాశాల ఖజానాకు చేరింది. ఊళ్లోని డాక్టరుకు మిగిలింది గౌరవం ఒక్కటే.

అయినా ఊళ్లోని డాక్టరు లేకుండా పని జరగలేదు. ఆసుపత్రిలో కనిపించే రోగులు వేరు, ఊళ్లో దగ్గుతో, నడుంనొప్పితో వచ్చే రోగులు వేరు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డీన్ చార్లెస్ బార్డీన్ 1926లోనే ఆఖరి ఏడాది విద్యార్థుల్ని రాష్ట్రంలోని వైద్యుల దగ్గరికి పంపడం మొదలుపెట్టాడు. ఆ కార్యక్రమానికి పాత పేరే పెట్టుకున్నాడు, ప్రిసెప్టర్ అని. 1965లో కొలరాడోలో లోరెటా ఫోర్డ్, హెన్రీ సిల్వర్ కలిసి నర్స్ ప్రాక్టిషనర్ శిక్షణనూ, అదే ఏడాది డ్యూక్ విశ్వవిద్యాలయంలో యూజీన్ స్టెడ్ ఫిజీషియన్ అసిస్టెంట్ శిక్షణనూ ప్రారంభించారు. క్లినిక్‌లలో చోటు కావాల్సిన విద్యార్థులు ఇంకా పెరిగారు. విద్యార్థి పక్కనుంటే రోగిని చూడటానికి ఎక్కువసేపు పడుతుంది, ఆ రోజు చూసే రోగులు తగ్గుతారు. ఆ నష్టం గురువుదే. చిన్న పట్టణాల్లో ప్రాక్టీసు పెట్టుకున్న మన తెలుగు డాక్టర్లలోనూ ఈ బరువు మోస్తున్నవాళ్లున్నారు. గురువు దొరక్క మధ్యవర్తి సంస్థలకు డబ్బు కట్టే నర్స్ ప్రాక్టిషనర్ విద్యార్థులూ ఉన్నారు. కళాశాలకు ఫీజు కట్టాక మళ్లీ ఇంకో ఫీజు కట్టించడం అన్యాయం, ఆ మాట మొహమాటం లేకుండా చెప్పాలి.

గురువు నష్టాన్ని కొంతైనా పూడ్చడానికి కొన్ని రాష్ట్రాలు పన్నులో మినహాయింపు అనే దారి పట్టాయి. 2014లో జార్జియా ముందు నడిచింది, 2016లో మేరీల్యాండ్, 2018లో హవాయి అనుసరించాయి. జార్జియా 2019లో చట్టం మార్చి, వేరే పారితోషికం తీసుకోని గురువులకు పన్నులోంచే నేరుగా కొంత మొత్తం తగ్గించే పద్ధతి తెచ్చింది. ఆ చట్టం ప్రకారం 160 గంటల బోధన ఒక విడత. డాక్టరుకు మొదటి మూడు విడతలకు ఒక్కోదానికి 500 డాలర్లు, నాలుగో విడత నుంచి పదో విడత దాకా 1,000 డాలర్లు. నర్స్ ప్రాక్టిషనర్ గురువైతే ఆ మొత్తాలు 375, 750. గంటలు మాత్రం ఇద్దరికీ 160.