కుటుంబ వనరుల నిర్వహణ, వినియోగదారుల ఆర్థిక శాస్త్రం – కొల్లాపూర్ ప్రాంతంలో దాని ఆవశ్యకత

కుటుంబానికి వచ్చే ఆదాయం, పెట్టే ఖర్చు, చేసే అప్పు, ఇంటిలో జరిగే వేతనం లేని శ్రమ, బజారులో వినియోగదారునికి ఉండే హక్కులు – వీటన్నింటినీ కలిపి అధ్యయనం చేసే శాస్త్రమే కుటుంబ, వినియోగదారుల ఆర్థిక శాస్త్రం. గృహ విజ్ఞానమంటే వంట, కుట్టుపనులేనన్న అభిప్రాయం వల్ల ఈ విభాగానికి రావలసినంత గుర్తింపు రాలేదు. నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ వంటి ప్రాంతాలకు ఇందులో అత్యంత ప్రయోజనకరమైన భాగం అప్పుల లెక్క.

ఆదాయం పెరిగిన కొద్దీ ఖర్చులో ఆహారం వాటా తగ్గుతుందని జర్మనీ గణాంక శాస్త్రవేత్త ఎర్నెస్ట్ ఏంగెల్ 1857లో నిరూపించారు. ఈ సూత్రం మన దేశ గణాంకాలలోనూ కనిపిస్తుంది. జాతీయ గృహ వినియోగ వ్యయ సర్వేల ప్రకారం గ్రామీణ కుటుంబ వ్యయంలో ఆహారం వాటా 1999-2000లో 59.40 శాతం ఉండగా, 2022-23 నాటికి 46.38 శాతానికి తగ్గింది. 2022-23లో తెలంగాణ గ్రామాలలో తలసరి నెలవారీ వ్యయం 4,802 రూపాయలు కాగా, దేశ గ్రామీణ సగటు 3,773 రూపాయలు. ఇంటిపని సైతం ఉత్పత్తేనని, జీతమిచ్చి మరొకరిచేత చేయించగలిగిన ప్రతి పనీ దాని కిందికి వస్తుందని అమెరికా ఆర్థికవేత్త మార్గరెట్ రీడ్ 1934లోనే ప్రతిపాదించారు. 2024 జాతీయ కాల వినియోగ సర్వేలో ఇంటిపని చేసే మహిళలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు అందుకు వెచ్చిస్తున్నట్లు వెల్లడైంది.

రాష్ట్రంలో ఈ శాస్త్రాన్ని పూర్తిస్థాయి డిగ్రీగా అభ్యసించడానికి ఒక ప్రధాన మార్గం హైదరాబాద్ సైఫాబాద్‌లోని గృహ విజ్ఞాన కళాశాల. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో భాగమైన ఈ కళాశాల, రాష్ట్ర విభజన అనంతరం ప్రొఫెసర్ జయశంకర్ విశ్వవిద్యాలయం పరిధిలోకి వచ్చింది. భారత వ్యవసాయ పరిశోధన మండలి అయిదవ డీన్ల కమిటీ సిఫారసుల మేరకు గృహ విజ్ఞానం పేరు కమ్యూనిటీ సైన్స్‌గా మారింది. నాలుగేళ్ల కోర్సులో ఆహారం – పోషణ, మానవ వికాసం, వస్త్ర విజ్ఞానం, విస్తరణ విద్యలతోపాటు వనరుల నిర్వహణ – వినియోగదారుల శాస్త్రం ఒక విభాగం. కొల్లాపూర్‌లో 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయం పీజీ కేంద్రం ఉన్నది. ఇటువంటి చిన్న విశ్వవిద్యాలయ కేంద్రంలో చదివే విద్యార్థికి ఈ శాస్త్రపు క్షేత్రం తన ఊరిలోనే లభిస్తుంది.

జటప్రోలు సంస్థానానికి రాజధానిగా ఉండిన కొల్లాపూర్ నేడు మామిడికి ప్రసిద్ధి. మామిడిపై ఆధారపడిన కుటుంబానికి రాబడి ఏప్రిల్ – జూన్ నెలల మధ్య ఒక్కసారే వస్తుంది. బియ్యం, వైద్యం, చదువుల ఖర్చు మాత్రం పన్నెండు నెలలూ ఉంటుంది. వానాకాలం పెట్టుబడి, పిల్లల ఫీజులు రెండూ జూన్‌లోనే వచ్చిపడతాయి. తోటను పూత దశలోనే వ్యాపారికి గుత్తకిచ్చే రైతు గాలివాన నష్టాన్ని తప్పించుకుంటాడు. దానికి ప్రతిగా, కాపు బాగా వచ్చిన ఏడు దక్కవలసిన లాభాన్ని వదులుకుంటాడు. ఇది తెలివితక్కువ బేరమని పట్టణంలో కూర్చుని అనడం సులభమే. అయితే చేతిలో రొక్కం లేని ఇంటికి జనవరిలో వచ్చే పది వేలు, మే నెలలో వచ్చే పదిహేను వేలకంటే విలువైనవి కావచ్చు.

వడ్డీని చెప్పే తీరులోనే మోసపోయే అవకాశం ఎక్కువ. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ఈ లెక్క పల్లెలో అందరికీ తెలిసినదే. పది వేల రూపాయల అప్పుకు "ఏడాదికి పన్నెండు శాతమే" అని చెప్పి, 11,200 రూపాయలను పన్నెండు సమాన వాయిదాలలో వసూలు చేసినప్పుడు మాత్రం అసలు రేటు వెంటనే తెలియదు. ఆరు నెలలకే అసలులో దాదాపు సగం తీరినా, వడ్డీ మాత్రం మొత్తం పది వేలపైనే లెక్కించబడుతుంది. తగ్గుతున్న నిల్వపై లెక్కిస్తే ఆ వడ్డీ ఏడాదికి సుమారు 21.5 శాతం.

సూక్ష్మ రుణాల వసూళ్లపై వచ్చిన తీవ్ర ఫిర్యాదుల నేపథ్యంలో నాటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2010 అక్టోబర్ 15న ఆర్డినెన్స్ జారీ చేసి, తదుపరి చట్టం తెచ్చింది. రుణ సంస్థల నమోదు, నెలవారీ వాయిదాలు, అసలుకు మించి వడ్డీ తీసుకోరాదన్న నిబంధన అందులోని ముఖ్యాంశాలు. రిజర్వు బ్యాంకు నియంత్రణలోని సంస్థలకు ఆ చట్టం వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023 ఫిబ్రవరిలో తీర్పు ఇచ్చింది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం, ఏడాదికి 3 లక్షల రూపాయల వరకు ఆదాయం గల కుటుంబానికి పూచీకత్తు లేకుండా ఇచ్చే అప్పు సూక్ష్మ రుణమవుతుంది. అన్ని అప్పుల వాయిదాలు కలిపి కుటుంబ నెలసరి ఆదాయంలో 50 శాతం మించరాదు. ఏడాదికొకసారి రాబడి వచ్చే ఇంటి "నెలసరి ఆదాయం" ఏది అన్న ప్రశ్న ఇక్కడే తలెత్తుతుంది. వార్షిక రాబడిని పన్నెండుతో భాగించగా వచ్చే సంఖ్య కాగితంపై సరిపోవచ్చు. అక్టోబర్ వాయిదా నాటికి ఆ సొమ్ము ఇంట్లో ఉండకపోవచ్చు. కుటుంబ బడ్జెట్‌ను నెలవారీగా రాయడం నేర్చిన విద్యార్థి స్వయం సహాయక సంఘానికి, బ్యాంకు శాఖకు ఉపయోగపడేది ఈ చోటనే.

వినియోగదారుల హక్కుల విషయంలో 2020 జూలై 20న అమలులోకి వచ్చిన 2019 చట్టం మారుమూల కుటుంబాలకు గొప్ప వెసులుబాటు కల్పించింది. హైదరాబాద్‌లో కొన్న వస్తువుపై సైతం తాము నివసించే ప్రాంత పరిధిలోని జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 50 లక్షల రూపాయలు మించని కేసులు జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తాయి. 5 లక్షల వరకు రుసుము లేదు. వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి. రసీదును భద్రపరచడం ముఖ్యం. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915.