కొండెక్కిన గాంధీ, కొండ పోయిన ఓర్

అమెరికాలోని రాపిడ్ సిటీలో వీధి మలుపుల్లో దేశాధ్యక్షుల కంచు విగ్రహాలుంటాయి. 2000లో మొదలుపెట్టి నిలబెట్టిన ఈ విగ్రహాలు మనిషెత్తువే. పక్కన నిలబడి భుజమ్మీద చెయ్యి వేసి ఫొటో దిగొచ్చు. బెజవాడలో అంత చనువు కుదరదు. మన పెద్దల్ని చూడాలంటే మెడ నొప్పి పుట్టాల్సిందే.

నడక రైల్వే స్టేషన్ దగ్గర మొదలుపెడితే ముందు గాంధీ కొండ. అక్కడ కంటికి ఆనేది 52 అడుగుల స్తూపం. 1968 అక్టోబరు 6న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ ఆవిష్కరించారు. అంతకుముందు అది ఓర్ కొండ. 1850లలో కృష్ణ మీద ఆనకట్ట కట్టించిన ఇంజినీరు కెప్టెన్ ఓర్. గోదావరి మీద ఆనకట్ట కట్టించిన కాటన్ దొరకి ఆ జిల్లాల్లో ఊరూరా విగ్రహాలు, దండలు. దివిసీమ దాకా నీళ్లు పారించిన పనికి పూనుకున్న ఓర్‌ని మాత్రం మరిచిపోయాం. కొండ గాంధీగారిదైంది, పాత ఆనకట్ట స్థానంలో 1957 నాటికి లేచిన బ్యారేజీ ప్రకాశం పంతులుగారిదైంది. ఇద్దరూ అర్హులే, కాదనను. ఓర్‌కి ఓ చిన్న శిలాఫలకమైనా కాలవ గట్టున ఉంటే బావుండేది.

బందరు రోడ్డు పట్టుకుంటే ఆకాశవాణి ముందు పింగళి వెంకయ్య కనిపిస్తారు. 1921లో ఇదే ఊళ్లో జరిగిన కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీకి జెండా నమూనా అందించిన భట్లపెనుమర్రు మనిషి. 1963లో ఇక్కడే కన్నుమూశారు. ఈ విగ్రహం 2015లో వచ్చింది. ఇంత ఆలస్యమెందుకో ఊరే చెప్పాలి.

అదే రోడ్డులో పీడబ్ల్యూడీ గ్రౌండ్స్, అంటే స్వరాజ్య మైదానం. సభలకూ, జనవరి పుస్తకాల పండక్కీ పేరుపడ్డ ఈ మైదానంలో 2024 జనవరి 19 నుంచి అంబేడ్కర్ నిలబడి ఉన్నారు. 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల విగ్రహం. సాయంత్రం వెళ్లండి, ఎండ తగ్గుతుంది.

బెంజి సర్కిల్‌లో కాంగ్రెస్ నాయకుడు కాకాని వెంకటరత్నం విగ్రహం ఫ్లైఓవర్ పనులకి దారిచ్చింది. రోడ్ల మీద కొత్త విగ్రహాలకి అనుమతులివ్వొద్దని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. డెల్టా పల్లెల్లో ఆ మాట ఎవరికి పట్టింది? 1988 డిసెంబరు 26న హత్యకు గురైన బెజవాడ ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగా విగ్రహాలు ఎన్ని కూడళ్లలో ఉన్నాయో చూడండి. ఆయన వర్ధంతికి దండలతో వచ్చేవాళ్లలో అన్ని పార్టీల జెండాలూ ఉంటాయి.