చనిపోయినవారి పింఛను, బతికున్నవారి వేలిముద్ర

మన వాడుకలో ‘వేలిముద్రగాడు’ అంటే చదువురానివాడని అర్థం. అయితే మన దేశంలో వేలిముద్ర ప్రభుత్వ దస్త్రాలలోకి రావడానికి ముఖ్య కారణం నిరక్షరాస్యత కాదు. ఒకరి పేరు చెప్పి మరొకరు సొమ్ము కాజేయడాన్ని అరికట్టడానికే అది వచ్చింది. ఈ భాగంలో ఆ చరిత్రను, ఖాతాలలో కనిపించే గుర్తింపు చౌర్యం ఆనవాళ్లను కలిపి పరిశీలిద్దాం.

హుగ్లీ ప్రయోగం

1858 జులైలో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి, రోడ్డు సామగ్రి సరఫరాకు రాజ్యధర్ కోనాయ్‌తో ఒప్పందం రాయించుకున్నాడు. కాగితం వెనుక అతని అరచేతి ముద్ర కూడా వేయించాడు. ‘ఆ సంతకం నాది కాదు’ అని తరవాత బుకాయించకుండా భయపెట్టడమే అప్పటి ఉద్దేశం. ఆ తరవాత ఆయన ముద్రలు సేకరిస్తూ, ఏళ్లు గడిచినా వేలిగీతలు మారవని గ్రహించాడు.

1877లో హుగ్లీ మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు ఆయన ఈ పద్ధతిని పింఛనుదారులకు, దస్తావేజుల రిజిస్ట్రేషనుకు, జైలు ఖైదీలకు వర్తింపజేశాడు. పింఛనుదారు మరణించాక అతని పేరుతో వేరొకరు వచ్చి డబ్బు తీసుకోవడాన్ని ఆపడం ఇందులో ఒక లక్ష్యం. ఈ పద్ధతిని విస్తరించాలన్న ఆయన ప్రతిపాదన అప్పట్లో ఆమోదం పొందలేదు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. అక్కడ వర్గీకరణ పద్ధతిని రూపొందించడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ కీలకపాత్ర వహించారు. అయినా ఆ పద్ధతికి వారి పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరే స్థిరపడింది.

మోసం ఎక్కడ దాగుతుంది?

ఖాతా పుస్తకంలో ఉండేది పేరు. ఎదుట నిలిచేది మనిషి. ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీలోనే మోసగాడు దూరతాడు. ఒక్క చెల్లింపును విడిగా చూస్తే అంతా సక్రమంగానే ఉంటుంది. వరస చూస్తేనే అనుమానం పుడుతుంది. నూరేళ్లు దాటినా ఆగని పింఛను, ఎప్పుడూ మరొకరి చేతే అందే సొమ్ము ఇటువంటివే. 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్ విధానం కూడా హెర్షెల్ వేసుకున్న ప్రశ్ననే వేస్తుంది: ఈ పింఛనుదారు బతికి ఉన్నాడా?

రక్షణే ఆయుధమైనప్పుడు

2018లో తెలంగాణలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి, ఇంటర్నెట్‌లో అందుబాటులో ఉన్న భూముల రిజిస్ట్రేషన్ పత్రాలలోని వేలిముద్రలకు నకళ్లు తయారుచేసి, ఇతరుల పేర్లతో సిమ్‌లు తీసిన ఉదంతం బయటపడింది. దస్తావేజుకు కాపలాగా హెర్షెల్ తెచ్చిన ముద్రే దొంగకు తాళంచెవి అయింది. మనం గమనించవలసిన చారిత్రక సత్యం ఇది: గుర్తింపు సాధనం ఎంత నమ్మకమైనదైతే, దొంగకు అది అంత విలువైనది.

నేటి ఖాతాలలో ఈ ఆనవాళ్లను గమనించండి:

• ఫోన్ నంబరు లేదా చిరునామా మారిన వెంటనే పెద్ద మొత్తం బయటికి వెళ్లడం
• ఏళ్ల తరబడి కదలని ఖాతాలో హఠాత్తుగా లావాదేవీలు మొదలవడం
• సంబంధం లేని పలువురి ఖాతాలకు ఒకే ఫోన్ నంబరు ఉండడం
• ఖాతాదారు ఎన్నడూ వెళ్లని ఊళ్లో వేలిముద్రతో డబ్బు తీయడం
• కారణం లేకుండా ఖాతాదారు సిమ్ పనిచేయకపోవడం

వీటిలో ఏ ఒక్కటీ నేరానికి రుజువు కాదు. ఫోన్ నంబరు నిజాయితీగా మార్చుకునేవారే ఎక్కువ. రెండు మూడు కలిసి కనిపిస్తే మాత్రం ఖాతాదారునే నేరుగా విచారించాలి. మోసం జరిగిందని తేలితే ఆలస్యం చేయక బ్యాంకుకు, 1930 నంబరుకు తెలపాలి. ఆధార్ బయోమెట్రిక్‌కు తాళం వేసుకునే సౌకర్యం కూడా ఉంది. మీ ఇంట్లో వేలిముద్రతో పింఛను తీసుకునే పెద్దలుంటే, ఈ సంగతి వారికి ముందుగా చెప్పండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 1877 నాటి హుగ్లీ ప్రయోగానికీ 2018 నాటి ఉదంతానికీ ఉన్న సంబంధాన్ని పది పంక్తులలో చర్చించండి.