గృహ వాయుశోధకములు

అమెరికా సంయుక్త రాష్ట్రములందును కెనడాయందును నివాసగృహములలో పెక్కింటికి శీతకాలమున వెచ్చదనమును, వేసవియందు చల్లదనమును ఒకే యంత్రసముదాయము సమకూర్చుచున్నది. గదులలోని గాలిని గోడకో కప్పునకో అమర్చిన పెద్ద జాలీ ద్వారా లోనికి లాగికొని, చలికాలమున ఫర్నెస్‌లో వేడిచేసియు, వేసవిలో ఏసీ కాయిల్ మీదుగా పోనిచ్చి చల్లబరచియు, డక్టులను గొట్టముల గుండ మరల గదులలోనికి పంపుట ఈ యంత్రముల పని. ఆ గాలి యంత్రమును చేరకముందే దానియందలి ధూళిని నిలిపివేయుటకై దారిలో నిలిపిన పలుచని తెరయే వాయుశోధకము. జనులు దీనిని ఎయిర్ ఫిల్టరనియు, ఫర్నెస్ ఫిల్టరనియు వ్యవహరింతురు. ఇంతటి యంత్రములో గృహస్థు తానుగా అంగడినుండి తెచ్చి, తన చేతితోనే తరచు మార్చవలసిన భాగము ఇది యొక్కటియే. కాని అది జాలీ వెనుకనో, అటకమీదనో, నేలమాళిగలోనో కంటికి కనబడకుండ ఉండుటచే పలు గృహములలో నెలల తరబడి మరపున పడియుండును.

ఈ తెర తొలుత మనుష్యుల ఊపిరితిత్తులను ఉద్దేశించి పుట్టినది కాదు. యంత్రరక్షణమే దీని ఆద్యప్రయోజనము. ఏసీ కాయిల్ నందలి అల్యూమినియము రేకులు మిక్కిలి దగ్గర దగ్గరగా పేర్చబడి, చల్లబడునపుడు నీటిబిందువులతో తడిసియుండును. వడకట్టని గాలి వాటిమీదుగా పోయినచో దుమ్మును, దుస్తుల నూగును, పెంపుడు జంతువుల రోమములును ఆ తడికి అంటుకొని కంబళివలె పేరుకొనును. గాలిని తోయు బ్లోయరు చక్రపు రెక్కలకు కూడ ఇదే గతి పట్టును. పేరుకొన్న మాలిన్యమును తొలగించుట నిపుణుడైన పనివానికి గాని సాధ్యము కాదు. దానికగు ఖర్చుతో ఎన్నో ఫిల్టర్లు కొనవచ్చును.

ఫిల్టరు ధూళిని పట్టుకొను విధానము జల్లెడ పద్ధతి యనియే పలువురు భావింతురు. అది సత్యములో స్వల్పభాగము మాత్రమే. పెద్ద రేణువులు గాలితోపాటు మలుపు తిరుగలేక, తమ వేగముచేతనే పోగులను ఢీకొని నిలిచిపోవును. మధ్యరకపు రేణువులు పోగుల ప్రక్కగా పోవుచు వాటిని తాకి అంటుకొనును. అతిసూక్ష్మ రేణువులు వాయుకణముల తాకిడిచే నిలుకడ లేక ఇటునటు చలించుచు ఎచటనో ఒక పోగునకు చిక్కును. ఈ మార్గములలో ఏదియు పూర్తిగా పనిచేయని నడిమి పరిమాణము ఇంచుమించు 0.3 మైక్రానులు. అందుచేతనే ఆసుపత్రులలోను, అణు ప్రయోగశాలలలోను వాడు హెపా ఫిల్టర్లు 0.3 మైక్రానుల రేణువులలో నూటికి 99.97 వంతులను పట్టవలెనని అమెరికాలో నియమము ఏర్పడినది. కొన్ని గృహఫిల్టర్ల పోగులకు తయారీయందే విద్యుదావేశమును కల్పింతురు. అది సూక్ష్మరేణువులను ఆకర్షించును గాని, పొగయు సూక్ష్మధూళియు మూగిన కొలది ఆ శక్తి క్షీణించును.

ఫిల్టర్ల సామర్థ్యమును పోల్చుటకు అమెరికాలోని ఆష్రే అను ఇంజనీర్ల సంఘము తన 52.2 సంఖ్యగల ప్రమాణమునందు మెర్వ్ అను కొలమానమును నిర్ణయించినది. రేణువులను 0.3 నుండి 1 మైక్రాను వరకు, 1 నుండి 3 వరకు, 3 నుండి 10 వరకు మూడు తరగతులుగా విభజించి, ఒక్కొక్క తరగతియందు ఫిల్టరు ఎంతభాగమును పట్టుచున్నదో పరీక్షించి, 1 నుండి 16 వరకు అంకెను ఇత్తురు. చవకగా దొరకు ఫైబర్‌గ్లాస్ తెరలు 1 నుండి 4 లోపల నుండును. ఇవి నూగును, పెద్ద దుమ్మును ఆపునే గాని అంతకు మించి ఉపకరింపవు. మడతలు పెట్టిన కాగితపు, సింథటిక్ ఫిల్టర్లలో 8 అంకె గలవి పెద్ద తరగతి రేణువులలో నూటికి 70 వంతులకు తక్కువ కాకుండ పట్టును. 13 అంకె గలవి అదే తరగతిలో 90 వంతులను, నడిమి తరగతిలో 85 వంతులను, అతిసూక్ష్మ తరగతిలో 50 వంతులను పట్టవలెను. కొందరు తయారీదారులును, పెద్ద దుకాణములవారును ఎంపీఆర్, ఎఫ్‌పీఆర్ అను తమ సొంత అంకెలను అట్టపై ముద్రింతురు. కొనువాడు వాటితో తృప్తిపడక మెర్వ్ అంకెను వెదకుట మేలు.

అంకె పెద్దదైనంతనే ఫిల్టరు మేలైనదని తలంచుట తొందరపాటు. ఎన్నికయందలి కష్టమంతయు ఇచటనే యున్నది. వడపోత నిశితమైన కొలది గాలికి నిరోధము పెరుగును. గృహములలోని యంత్రములు పెక్కు, డక్టులు మొదలైన వాటినన్నిటిని కలిపి 0.5 అంగుళముల నీటిపీడనమునకు మించని నిరోధమును ఉద్దేశించి నిర్మింపబడినవి; అందులో ఫిల్టరు వాటా కొంతయే. ఆ వాటాను మించిన ఫిల్టరును పెట్టినచో పాతరకపు మోటారు గల బ్లోయరు తక్కువ గాలిని తోయును. నూతనరకపు మోటారు గాలి తగ్గకుండ చూచుటకై ఎక్కువ విద్యుత్తును మ్రింగును. గాలి తగ్గినప్పుడు వేసవిలో కాయిల్‌పై మంచు గట్టి చల్లదనము నిలిచిపోవుటయు, శీతకాలమున ఫర్నెస్ అతిగా వేడెక్కి రక్షక స్విచ్చి మంటను ఆర్పివేయుటయు సంభవించును. సమర్థమైన ఫిల్టరును కొంటిమని సంతోషించువారి ఇంట గదులు చల్లబడకపోవుటకు ఇదియే తరచుగా హేతువు.

దీనికి పరిష్కారము లేకపోలేదు. నిరోధము అంకెను బట్టియే గాక వడపోత వైశాల్యమును బట్టి కూడ మారును. 1 అంగుళము మందము గల ఫిల్టరులో పట్టు మడతలకంటె 4, 5 అంగుళముల మందము గలదానిలో పట్టు మడతలు ఎంతో లోతైనవి. కావున అదే గాలి విశాలమైన తలముమీద పరచుకొని మెల్లగా సాగును, ధూళి నిండుటకును ఎక్కువ కాలము పట్టును. క్రొత్తగా ఇల్లు కట్టించుకొనువారును, యంత్రమును మార్పించుకొనువారును మందపు ఫిల్టరు పట్టు పెట్టెను అడిగి పెట్టించుకొనుట ఉత్తమము. 1 అంగుళపు చోటు మాత్రమే గల ఇండ్లలో 8 గాని 11 గాని సామాన్యముగా తగును. 13 కావలెనన్నచో పనివానిచే పీడనమును కొలిపించి యంత్రము ఓర్వగలదని తెలిసికొన్న పిమ్మటనే వాడవలెను.

ఏ అంకె వలయునో ఆ ప్రాంతపు గాలియు, ఇంటి మనుష్యుల ఆరోగ్యమును నిర్ణయించును. టెక్సస్ రాష్ట్రమున ఆస్టిన్ పరిసరములలో డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు జూనిపరు చెట్ల పుప్పొడి వలన తుమ్ములు, కన్నీరు, తలభారముతో కూడిన సీడర్ ఫీవర్ అను బాధ వ్యాపించును. అచట స్థిరపడిన తెలుగు కుటుంబములకును ఇది పరిచితమే. పుప్పొడి రేణువులు 10 మైక్రానులకు మించినవగుటచే 8 అంకె ఫిల్టరు కూడ వాటిని చాలవరకు పట్టును. పొగ విషయము వేరు. 2023 జూన్ నెలలో కెనడా అడవుల కార్చిచ్చు పొగ న్యూయార్కు, న్యూజెర్సీలను క్రమ్మినప్పుడు గాలిలో నిండినది 2.5 మైక్రానులకు లోబడిన రేణుజాలము. అట్టి దినములకు 13 అంకెయే ఉచితము. యంత్రము దానిని ఓర్వనిచోట నాలుగు 13 అంకె ఫిల్టర్లను పెట్టెవలె అంటించి పైన ఫ్యానును పెట్టిన సాధనము ఉపకరించును. కోవిడ్ ప్రబలిన 2020లో రిచర్డ్ కోర్సీ, జిమ్ రోజెంతాల్ అనువారు రూపొందించుటచే దీనికి కోర్సీ–రోజెంతాల్ పెట్టె యను పేరు వచ్చినది. స్వల్పవ్యయముతో ఎవ్వరైనను కట్టుకొనదగిన ఈ సాధనము ఇటీవలి కాలపు ప్రశంసార్హమైన కల్పనలలో ఒకటి.

మన వంటయింటిని గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. పోపు వేయునపుడును, గారెలు, అప్పడములు వేయించునపుడును నూనెనుండి లేచు పొగలోని రేణువులు మిక్కిలి సూక్ష్మములు. దేవునిగదిలోని అగరువత్తుల పొగయు అట్టిదే. తలుపులు బిగించిన చలిదేశపు ఇండ్లలో ఇవి గాలిని లాగుకొను జాలీ ద్వారా ఫిల్టరును చేరి, పోగులకు జిడ్డును పట్టించి, దాని ఆయువును తగ్గించును. కావున తరచుగా వేపుళ్లు చేయు ఇండ్లలో పొగను ఇంటి వెలుపలికి తోయు చిమ్నీ మొదటి రక్షణము, ఫిల్టరు రెండవది. ఇంగువ, వెల్లుల్లి వాసనలు వాయురూపములగుటచే మడతల ఫిల్టరునకు చిక్కవు. వాటికి యాక్టివేటెడ్ కార్బన్ తగినంత రాశిలో ఉండవలెను. పలుచని ఫిల్టర్లపై చల్లిన కొద్దిపాటి బొగ్గుపొడి వలన విశేష ప్రయోజనము లేదు.

కొలత విషయమున అలసత్వము కూడదు. అట్టపై 16×25×1, 20×20×1 అని ముద్రించు అంగుళములు నామమాత్రములు. నిజపు కొలత కొద్దిగా తక్కువయుండును. పాతదాని అంచుపై గల కొలతను చూచి అదియే తేవలెను. చిన్నది పెట్టినచో గాలి సులభమార్గమును వెదకికొని ప్రక్క సందులగుండ పోవును. అప్పుడు ఎంతటి ఫిల్టరైనను వ్యర్థము. అంచుమీది బాణపు గుర్తు బ్లోయరు వైపునకు చూపునట్లు అమర్చవలెను.

మార్పిడికి కాలనియమము ఉజ్జాయింపు మాత్రమే. అమెరికా ప్రభుత్వపు ఎనర్జీ స్టార్ కార్యక్రమము నెలకొకసారి ఫిల్టరును పరీక్షింపవలెననియు, మూడు నెలలకొకసారియైనను మార్చవలెననియు చెప్పుచున్నది. మందపు ఫిల్టర్లు ఆరు నెలలనుండి ఏడాది వరకు నిలుచును. కుక్కలు, పిల్లులు గల ఇంటను, మరమ్మతులు జరుగుచున్న ఇంటను, కార్చిచ్చు పొగ క్రమ్మిన వారములలోను గడువు సగమునకును తగ్గవచ్చును. మూసికొనిపోయిన ఫిల్టరు స్థానమున శుభ్రమైనది పెట్టిన మాత్రమున ఏసీ విద్యుద్వ్యయము నూటికి 5 నుండి 15 వంతుల వరకు తగ్గవచ్చునని ఆ దేశపు ఇంధనశాఖ తెలిపినది. పాత ఫిల్టరును దులిపి మరల పెట్టుట పనికిరాదు. మడతలు చిరుగును, పోగులలో ఇరుకుకొన్న సూక్ష్మధూళి రాలదు. థర్మోస్టాటు ఆటోలో నున్నంతకాలము బ్లోయరు తిరిగినపుడే వడపోత జరుగునని గుర్తించి, పొగ దినములలో ఫ్యానును ఆన్‌లో ఉంచవలెను.

హైదరాబాదు, విజయవాడ వంటి మన పట్టణములలోని స్ప్లిట్ ఏసీలకు డక్టులు లేవు; వాటి ముందుపలక వెనుక గల నైలాన్ జాలీ పెద్ద దుమ్మునుండి కాయిల్‌ను కాపాడునే గాని పొగను వడకట్టదు. వాడుక ఎక్కువగానున్న నెలలలో దానిని పదునైదు దినములకొకసారి నీటితో కడిగి, నీడన ఆరబెట్టి, పూర్తిగా ఆరిన తరువాతనే బిగింపవలెను.

ఏ దేశమున నున్నను, యంత్రము ఓర్వగల 8 అంకె ఫిల్టరును వేళకు మార్చుకొను ఇల్లు, 13 అంకెది పెట్టి ఏడాది మరచిన ఇంటికంటె నిస్సందేహముగా మేలైనది. ఈ వ్యాసమును చదువుచున్నవారు తమ ఇంటి ఫిల్టరును కడపట ఎప్పుడు మార్చినదియు గుర్తు లేనిచో నేడే తీసి వెలుతురునకు ఎత్తి చూడుడు. వెలుగు దానిగుండ రాకున్నచో మార్చవలసిన గడువు దాటిపోయినదని గ్రహింపుడు, క్రొత్తదాని అంచుపై తేదీ వ్రాసి పెట్టుడు.