డ్యూయల్ బూట్ చరిత్ర

ఒకే కంప్యూటర్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లను విడివిడిగా ఇన్‌స్టాల్ చేసి, ఆన్ చేసిన ప్రతిసారీ ఏది నడవాలో ఎంచుకునే ఏర్పాటును డ్యూయల్ బూట్ అంటారు. ఒక సమయంలో ఒకటే నడుస్తుంది. రెండోది కావాలంటే రీస్టార్ట్ చేయాలి. విండోస్ పక్కన లైనక్స్ పెట్టుకోవడం దీనికి బాగా తెలిసిన రూపం. కంప్యూటర్ మేలుకోగానే పగ్గాలు మొదట ఏ ప్రోగ్రామ్ చేతికి వెళ్లాలి, ఆ నిర్ణయం ఎవరిది అన్న ప్రశ్న ఈ చరిత్ర పొడవునా కనిపిస్తుంది. యంత్రం కొన్నవారు, తయారు చేసినవారు, ఆపరేటింగ్ సిస్టమ్ అమ్మినవారు ముగ్గురూ దానిపై హక్కు కోరారు.

ఫ్లాపీల కాలం

1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీకి హార్డ్ డిస్క్ లేదు. దానికి పీసీ డాస్, సీపీ/ఎం-86, యూసీఎస్‌డీ పీ-సిస్టమ్ అనే మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లను ఐబీఎం ప్రకటించింది. డ్రైవ్‌లో ఏ ఫ్లాపీ పెడితే ఆ సిస్టమ్ నడిచేది. రెండు సిస్టమ్‌లు ఒకే డిస్క్‌ను పంచుకోవలసిన అవసరం ఇంకా రాలేదు కాబట్టి తగాదాకూ చోటు లేకపోయింది.

పార్టిషన్ పట్టిక

1983 మార్చిలో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 మెగాబైట్ల హార్డ్ డిస్క్‌తో వచ్చింది. దానితోపాటు వచ్చిన పీసీ డాస్ 2.0, హార్డ్ డిస్క్‌లోని మొదటి సెక్టార్‌కు ఒక రూపం ఇచ్చింది. ఇదే మాస్టర్ బూట్ రికార్డ్. దాని పరిమాణం 512 బైట్లు. అందులో 64 బైట్లు డిస్క్ విభాగాలను (పార్టిషన్‌లను) నమోదు చేసే పార్టిషన్ పట్టికకు, చివరి 2 బైట్లు గుర్తుకు పోగా, ప్రోగ్రామ్‌కు మిగిలేది 446 బైట్లు. పట్టికలో నాలుగు పార్టిషన్‌లకు చోటుంది, వాటిలో ఒకదాన్ని యాక్టివ్‌గా గుర్తిస్తారు. కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే బయోస్ ఈ సెక్టార్‌ను మెమరీలోకి తెస్తుంది. అందులోని ప్రోగ్రామ్ యాక్టివ్ పార్టిషన్‌ను వెతికి అక్కడున్న సిస్టమ్‌కు పని అప్పగిస్తుంది.

డాస్ 2.0 ఒక డిస్క్ మీద తనకోసం ఒకే పార్టిషన్ చేసుకోగలిగేది. మిగిలిన మూడు గడులు వేరే సిస్టమ్‌లకు ఉద్దేశించినవి. అంటే ఒక డిస్క్‌పై పలు సిస్టమ్‌లు ఉండవచ్చన్న ఆలోచన ఈ నిర్మాణంలో మొదటి నుంచీ ఉంది. అయితే సిస్టమ్ మారాలంటే ఎఫ్‌డిస్క్ అనే ప్రోగ్రామ్ నడిపి, యాక్టివ్ గుర్తును మార్చి, మళ్లీ బూట్ చేయాల్సి వచ్చేది.

బూట్ మెనూలు

ఈ శ్రమను తగ్గించడానికి బూట్ మెనూలు వచ్చాయి. 1992లో విడుదలైన ఓఎస్/2 2.0తో ఐబీఎం బూట్ మేనేజర్ ఇచ్చింది. అది తనకంటూ ఒక చిన్న పార్టిషన్‌లో ఉండి, సిస్టమ్‌ల జాబితా చూపేది. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ 3.1లో ఎన్‌టీఎల్‌డీఆర్ అనే లోడర్ బూట్ డాట్ ఐఎన్ఐ అనే ఫైల్‌ను చదివి, డాస్, ఎన్‌టీల మధ్య ఎంచుకునే వీలు కల్పించింది.

లైనక్స్ పుట్టుకే రెండు సిస్టమ్‌లున్న యంత్రంలో జరిగింది. హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ 1991లో తన 386 కంప్యూటర్‌లో మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడుపుతూ, దాని సాయంతో కొత్త కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) రాశాడు. ఒకసారి మోడెంకు పంపవలసిన డయల్ ఆదేశాలు పొరపాటున హార్డ్ డిస్క్‌కు వెళ్లి మినిక్స్ పార్టిషన్ పాడైంది. దాన్ని మళ్లీ ఎక్కించే బదులు అతడు పూర్తిగా లైనక్స్‌కే మారిపోయాడు.

లైనక్స్ తొలి ప్రముఖ బూట్ లోడర్ లిలో. దాన్ని వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ రాశాడు. దానికి ఫైల్ సిస్టమ్‌లు అర్థం కావు. కెర్నెల్ డిస్క్‌పై ఏ బ్లాకుల్లో ఉందో ముందే రాసిపెట్టుకుంటుంది. కాబట్టి కెర్నెల్ మార్చిన ప్రతిసారీ లిలోను తిరిగి నడపాలి, మరిచిపోతే లైనక్స్ బూట్ కాకపోవచ్చు. పాత బయోస్‌లు డిస్క్‌లో మొదటి 1024 సిలిండర్లు దాటి చదవలేకపోవడం మరో అడ్డంకి. అందుకే ఆ రోజుల్లో లైనక్స్ బూట్ ఫైళ్ల కోసం డిస్క్ మొదట్లోనే ఒక చిన్న పార్టిషన్ చేసేవారు.

1995లో ఎరిక్ బోలిన్ గ్నూ హర్డ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను బూట్ చేయడానికి గ్రబ్ మొదలుపెట్టాడు. ఇది ఫైల్ సిస్టమ్‌ను స్వయంగా చదివి, కెర్నెల్‌ను పేరుతో వెతుక్కుంటుంది. విండోస్ వంటి సిస్టమ్‌లను వాటి సొంత లోడర్‌కే అప్పగిస్తుంది. 1999లో గ్రబ్ అధికారికంగా గ్నూ ప్యాకేజీ అయింది. తర్వాత చాలా లైనక్స్ పంపిణీల్లో లిలో స్థానాన్ని అదే తీసుకుంది.

ఇదే కాలంలో వాడుకరుల మధ్య ఒక నియమం స్థిరపడింది: ముందు విండోస్, తర్వాత లైనక్స్. విండోస్ ఇన్‌స్టాలర్ మాస్టర్ బూట్ రికార్డ్‌లో ఏముందో చూడకుండా తన ప్రోగ్రామ్ రాసుకునేది. లైనక్స్ ఇన్‌స్టాలర్లు విండోస్ ఉందో లేదో వెతికి మెనూలో చేర్చేవి.

మెనూపై హక్కు

సాంకేతికంగా వీలైనది వ్యాపారంలో వీలు కాకపోవచ్చని బీ సంస్థ ఆపరేటింగ్ సిస్టమ్ బీఓఎస్ ఉదంతం చూపింది. 1990ల చివర హిటాచీ తన ఫ్లోరా ప్రియస్ కంప్యూటర్లలో విండోస్ పక్కన బీఓఎస్‌ను ఎక్కించింది. కానీ ఆన్ చేసినప్పుడు బీఓఎస్ పేరు కనిపించేది కాదు. కొన్నవారు సూచనలు చదివి దాన్ని తామే బయటికి తీసుకోవాలి. బూట్ వరుసను మార్చకుండా మైక్రోసాఫ్ట్ లైసెన్సు షరతులు తయారీదారులను కట్టిపడేస్తున్నాయంటూ బీ సంస్థ 2002 ఫిబ్రవరిలో దావా వేసింది. 2003 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ తప్పు ఒప్పుకోకుండానే 2.325 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది. అప్పటికే బీఓఎస్ మార్కెట్ నుంచి తప్పుకుంది.

భారతదేశంలో వ్యాప్తి

1990ల ద్వితీయార్ధంలో పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చిన లైనక్స్ సీడీలు, ఆ తర్వాత ఉబుంటు 2011 వరకు ఉచితంగా పోస్టులో పంపిన సీడీలు చాలామంది విద్యార్థులకు డ్యూయల్ బూట్‌ను పరిచయం చేశాయి. తమిళనాడు ప్రభుత్వం 2011లో విద్యార్థులకు పంచడం మొదలుపెట్టిన ల్యాప్‌టాప్‌లలో విండోస్‌తోపాటు సీడాక్ తయారుచేసిన బాస్ లైనక్స్ కూడా ఉండేది.

యాపిల్ యంత్రాలు

2006 జనవరిలో మ్యాక్‌లు ఇంటెల్ ప్రాసెసర్‌లకు మారడం మొదలైంది. వాటిలో విండోస్ ఎక్స్‌పీని బూట్ చేసినవారికి బహుమతి ఇస్తామన్న పోటీ మార్చిలో ఫలించింది. ఏప్రిల్ 5న యాపిల్ తానే, మ్యాక్‌లో విండోస్‌ను బూట్ చేయించే బూట్ క్యాంప్‌ను ప్రయోగాత్మకంగా విడుదల చేసింది. 2007లో మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ లెపర్డ్ వెర్షన్‌తో అది మ్యాక్‌లో భాగమైంది. 2020 నవంబరులో యాపిల్ సొంత చిప్‌లతో వచ్చిన మ్యాక్‌లలో బూట్ క్యాంప్ లేదు. వాటిలో లైనక్స్ నడిపే ప్రయత్నాన్ని అసాహి లైనక్స్ అనే ప్రాజెక్టు చేపట్టి, 2022లో తొలి ఆల్ఫా విడుదల చేసింది.

యూఈఎఫ్ఐ, సెక్యూర్ బూట్

ఇంటెల్ 1990ల చివర మొదలుపెట్టిన ఈఎఫ్ఐ కృషి బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐని తెచ్చింది. దానితో వచ్చిన జీపీటీ అనే పార్టిషన్ పట్టికలో సాధారణంగా 128 పార్టిషన్‌లకు చోటుంటుంది. పాత పట్టికకున్న సుమారు 2 టెరాబైట్ల పరిమితీ పోయింది. డ్యూయల్ బూట్‌కు జరిగిన పెద్ద మేలు మరొకటి: ప్రతి సిస్టమ్ తన లోడర్‌ను ఈఎఫ్ఐ పార్టిషన్‌లో సొంత ఫోల్డర్‌లో ఉంచుకోవచ్చు. ఒకే సెక్టార్ కోసం పోట్లాడే అవసరం తీరింది.

యూఈఎఫ్ఐలోని సెక్యూర్ బూట్ కొత్త చిక్కు తెచ్చింది. యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ తనలో ఉన్న తాళంచెవులతో సరిపోలిన డిజిటల్ సంతకం ఉన్న లోడర్‌నే నడుపుతుంది. బూట్ దశలో దాగే మాల్‌వేర్‌ను ఆపడం దీని ఉద్దేశం. విండోస్ 8 లోగో ఉన్న కొత్త పీసీలలో దీన్ని ఆన్ చేసి ఉంచాలని మైక్రోసాఫ్ట్ 2011లో కోరడంతో, లైనక్స్‌కు తలుపు మూసుకుపోతుందన్న ఆందోళన రేగింది. చివరికి ఇంటెల్ తరహా పీసీలలో దాన్ని ఆపే వీలు ఉండాలన్న షరతు వచ్చింది. ఆర్మ్ పరికరాలకు ఆ వెసులుబాటు దక్కలేదు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నా లైనక్స్ నడిచేలా మాథ్యూ గారెట్ రాసిన షిమ్ అనే చిన్న లోడర్‌పై మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది. అది గ్రబ్‌ను పరీక్షించి నడుపుతుంది. అయితే విండోస్ 10 నాటికి సెక్యూర్ బూట్‌ను ఆపే వీలు ఇవ్వాలా వద్దా అన్నది తయారీదారుల ఇష్టానికి వెళ్లింది.

ఈ ఏర్పాటు ఎంత సున్నితమో 2024 ఆగస్టులో తెలిసింది. లోపాలున్న పాత లోడర్‌లను అడ్డుకునే ఒక విండోస్ అప్‌డేట్, డ్యూయల్ బూట్ యంత్రాలను తాకదని ముందే చెప్పినా, కొన్నింటిలో లైనక్స్‌ను బూట్ కానివ్వలేదు.

ఆచరణలో చిక్కులు

కంప్యూటర్‌లోని గడియారాన్ని విండోస్ స్థానిక సమయంగా, లైనక్స్ సాధారణంగా అంతర్జాతీయ ప్రామాణిక సమయం యూటీసీగా భావిస్తాయి. అందుకే భారతదేశంలో సిస్టమ్ మారినప్పుడు సమయం ఐదున్నర గంటలు తేడాగా కనిపించవచ్చు. విండోస్ 8 నుంచి ఉన్న ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ముగియదు. అప్పుడు లైనక్స్ నుంచి ఆ పార్టిషన్‌లో రాస్తే ఫైళ్లు పాడయ్యే ప్రమాదముంది. విండోస్ డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ ఉన్న యంత్రంలో బూట్ మార్పులు చేసేముందు రికవరీ కీ దాచుకోవాలి. పార్టిషన్ పరిమాణం మార్చేముందు బ్యాకప్ తీసుకోవడం ఏ కాలంలోనైనా తప్పనిసరి.

ప్రస్తుత స్థితి

వర్చువల్ యంత్రాలు, విండోస్‌లోనే లైనక్స్ ప్రోగ్రామ్‌లు నడిపేందుకు 2016లో వచ్చిన విండోస్ సబ్‌సిస్టమ్ ఫర్ లైనక్స్ రీస్టార్ట్ అవసరాన్ని చాలావరకు తగ్గించాయి. అయినా గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్, మెమరీ మొత్తం ఒకే సిస్టమ్‌కు దక్కాల్సిన పనులకు, మెమరీ తక్కువున్న పాత యంత్రాలకు డ్యూయల్ బూట్ నేటికీ మేలైన దారి. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మద్దతు ముగియడంతో, విండోస్ 11కు అర్హత లేని కంప్యూటర్ల యజమానులకు పాత ఫైళ్లు, ప్రోగ్రామ్‌లు వదులుకోకుండానే లైనక్స్‌ను పరీక్షించుకునే అవకాశం డ్యూయల్ బూట్ వల్ల ఉంది. ఆ అవకాశం నిలవాలంటే సెక్యూర్ బూట్‌ను ఆపే హక్కు, సొంత తాళంచెవులు చేర్చుకునే హక్కు యంత్రం కొన్నవారికే ఉండాలి.