సోషల్ మీడియా: కంపెనీ వేదికలకు, వికేంద్రీకృత వేదికలకు తేడా ఏమిటి? సూరత్ తెలుగువారికి ఏది ఎంత ఉపయోగం?

కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి మరమగ్గాల పని కోసం గుజరాత్‌లోని సూరత్‌కు వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు తరాలుగా అక్కడే ఉంటున్నాయి. వారిలో పద్మశాలీలు ఎక్కువ. లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో తెలుగువారి ఇళ్లు ఎక్కువగా కనిపిస్తాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది.

సొంతూరి బంధువులకు కబురు చెప్పాలన్నా, కులసంఘం సమావేశం గురించి తెలియజేయాలన్నా, కొత్త చీరల ఫొటోలు తెలుగు రాష్ట్రాల దుకాణదారులకు పంపాలన్నా ఇప్పుడు ఆధారం వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లే. ఈ మూడూ మెటా అనే ఒకే కంపెనీవి. వీటికి ప్రత్యామ్నాయంగా చెబుతున్న మాస్టొడాన్, బ్లూస్కై వంటి వికేంద్రీకృత వేదికలు ఎలా పనిచేస్తాయి? వాటితో తీరే సమస్యలేమిటి, తీరనివేమిటి?

కంపెనీ వేదిక అంటే?

ఫేస్‌బుక్, ఎక్స్, యూట్యూబ్ వంటి వేదికల్లో సర్వర్లు, యాప్, నియమాలు అన్నీ ఒకే కంపెనీ చేతిలో ఉంటాయి. ఖాతా మన పేరు మీదే ఉన్నా, దాన్ని ఉంచాలా తీసేయాలా అన్నది కంపెనీ నిర్ణయం. మన పోస్టు ఎంతమందికి కనిపించాలో కూడా కంపెనీ ఆల్గారిథమే తేలుస్తుంది.

వాడుకున్నందుకు మన దగ్గర డబ్బు తీసుకోరు. ఆదాయం ప్రకటనల నుంచి వస్తుంది. మెటా ఆదాయంలో 95 శాతానికి పైగా ప్రకటనలదే. అందువల్ల మనం ఎంతసేపు అందులో ఉంటే కంపెనీకి అంత లాభం.

వికేంద్రీకృత వేదిక అంటే?

ఈమెయిల్‌తో పోల్చుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. జీమెయిల్ వాడేవారు యాహూ వాడేవారికి ఉత్తరం పంపగలరు. రెండు కంపెనీలు వేరైనా పద్ధతి ఒకటే. మాస్టొడాన్ కూడా అంతే. జర్మనీకి చెందిన ఓయిగెన్ రోచ్కో 2016లో దీన్ని ప్రారంభించారు. వేలాది సర్వర్లను వేర్వేరు వ్యక్తులు, సంస్థలు నడుపుతుంటాయి. ఒక సర్వర్‌లో ఖాతా ఉన్నవారు మరో సర్వర్‌లోని వారిని అనుసరించవచ్చు. వీటిని కలిపే ప్రమాణం పేరు యాక్టివిటీపబ్. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ దీన్ని 2018 జనవరిలో ఆమోదించింది.

బ్లూస్కై 2019లో ట్విటర్ లోపలి ప్రాజెక్టుగా మొదలై, తర్వాత విడి సంస్థ అయింది. 2024 ఫిబ్రవరి నుంచి అందరికీ అందుబాటులోకి వచ్చింది. దీని సాంకేతికత వికేంద్రీకరణకు వీలిచ్చేదే అయినా, ఎక్కువమంది ఖాతాలు ఇప్పటికీ ఆ ఒక్క సంస్థ సర్వర్లలోనే ఉన్నాయి.

అసలు తేడా: నంబర్ మార్చకుండా మారగలమా?

మొబైల్ నంబర్ పోర్టబిలిటీ దేశమంతటా 2011 జనవరిలో వచ్చింది. కానీ ఒక టెలికం సర్కిల్ నుంచి మరో సర్కిల్‌కు నంబర్ తీసుకెళ్లే వీలు 2015 జులైలో గానీ రాలేదు. అంతకుముందు తెలంగాణ నుంచి సూరత్ వెళ్లి స్థిరపడినవారు పాత నంబర్‌ను గుజరాత్ సర్కిల్‌కు మార్చుకోలేకపోయేవారు. రోమింగ్ భారం మోయాలి, లేదా కొత్త నంబర్ తీసుకుని అందరికీ మళ్లీ చెప్పుకోవాలి.

కంపెనీ సోషల్ మీడియా నేటికీ ఆ పాత దశలోనే ఉంది. ఫేస్‌బుక్ వదిలేస్తే అక్కడి పరిచయాలన్నీ అక్కడే మిగిలిపోతాయి. మాస్టొడాన్‌లో ఒక సర్వర్ నుంచి మరోదానికి మారితే మన ఫాలోయర్లు కూడా కొత్త ఖాతాకు వస్తారు. అయితే పాత పోస్టులు రావు. పైగా పాత సర్వర్ పనిచేస్తూ ఉండగానే ఈ మార్పు చేసుకోవాలి.

కంపెనీ వేదికలు మూతపడితే?

కోట్లమంది భారతీయులు వాడిన టిక్‌టాక్ 2020 జూన్ 29న నిషేధానికి గురైంది. తెలుగుతో సహా భారతీయ భాషలకు వేదికగా 2020లో మొదలైన ‘కూ’ 2024 జులైలో మూతపడింది. రెండు సందర్భాల్లోనూ వాడుకరులు కూడగట్టుకున్న ఫాలోయర్లు చెల్లాచెదురయ్యారు.

సాంకేతిక లోపాలదీ ఇదే తీరు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ దాదాపు 6 గంటలపాటు ప్రపంచమంతటా ఆగిపోయాయి. 2022 అక్టోబర్ 25న, దీపావళి మర్నాడు, వాట్సాప్ మన దేశంలో పగటిపూటే సుమారు 2 గంటలు పనిచేయలేదు. ఆర్డర్లన్నీ ఒకే యాప్‌లో తీసుకునే వ్యాపారికి అది దుకాణం షట్టర్ దించినట్టే.

మరి వికేంద్రీకృత వేదికలు నమ్మదగినవేనా?

వాటికీ ఇబ్బందులున్నాయి. చాలా సర్వర్లను స్వచ్ఛందంగా, విరాళాల మీద నడుపుతారు. మాస్టొడాన్.లాల్ అనే సర్వర్ నిర్వాహకుడు 3 నెలల గడువు ఇచ్చి 2023 మే నెలలో దాన్ని మూసేశారు.

గోప్యత విషయంలో చాలామంది అపోహపడతారు. వాట్సాప్ సందేశాలకు 2016 నుంచి ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది, వాటిలోని విషయం కంపెనీకి కనిపించదు. మాస్టొడాన్‌లో ఒకరికొకరు పంపుకునే ప్రైవేటు సందేశాలకు ఆ రక్షణ లేదు. సర్వర్ నిర్వాహకుడు తలచుకుంటే చదవగలడు.

అన్నిటికన్నా పెద్ద సమస్య జనం. సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విటర్ నిలిపివేసినప్పుడు, 2019 నవంబర్‌లో చాలామంది భారతీయులు మాస్టొడాన్‌లో చేరారు. కొద్ది కాలానికే అనేకులు వెనక్కి వచ్చారు. ఇలాన్ మస్క్ ట్విటర్‌ను కొన్న తర్వాత 2022 చివర్లో మాస్టొడాన్ నెలవారీ వాడుకరుల సంఖ్య 25 లక్షలకు చేరి, తర్వాత బాగా తగ్గింది. మన మేనమామ, మన బేరగాడు లేని చోట మన ఖాతా ఒక్కటే ఉండి ప్రయోజనం లేదు.

ప్రభుత్వం ఇంటర్నెట్ ఆపితే?

ఈ సమస్యకు ఏ వేదికా పరిష్కారం కాదు. పాటీదార్ రిజర్వేషన్ల ఆందోళన సమయంలో, 2015 ఆగస్టు చివరి వారంలో, సూరత్‌తో సహా గుజరాత్‌లో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. 144వ సెక్షన్ కింద ఇచ్చిన ఆ ఉత్తర్వులను గుజరాత్ హైకోర్టు సమర్థించింది. 2016 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. 2020 జనవరిలో అనురాధా భసీన్ కేసులో మాత్రం, ఇలాంటి ఉత్తర్వులను బహిరంగంగా ప్రకటించాలని, నిరవధికంగా నెట్ ఆపడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది.

యాప్‌లను విడివిడిగా ఆపడం వేరు. 2023 మేలో కేంద్రం 14 మెసేజింగ్ యాప్‌లను నిషేధించింది. వికేంద్రీకృత మ్యాట్రిక్స్ పద్ధతిని వాడే ఎలిమెంట్ కూడా వాటిలో ఉంది. ఆ యాప్ ఆగినా, అదే పద్ధతిని వాడే ఇతర యాప్‌లు ఉండటంతో దారి పూర్తిగా మూసుకుపోలేదు.

సొంత సర్వర్ పెట్టుకుంటే చట్టం ఏమంటుంది?

ఒక సంఘం సొంత సర్వర్ నడిపితే ఐటీ చట్టం దృష్టిలో అది ‘మధ్యవర్తి’ అవుతుంది. ఇతరులు పెట్టే పోస్టుల బాధ్యత నుంచి 79వ సెక్షన్ రక్షణ ఇస్తుంది గానీ, కోర్టు లేదా ప్రభుత్వం ఆదేశిస్తే వాటిని తొలగించాలి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారి వివరాలు ప్రకటించాలి. 50 లక్షలకు పైగా వాడుకరులున్న వేదికలకు అదనపు బాధ్యతలు ఉంటాయి, చిన్న సర్వర్లకు అవి వర్తించవు.

అయితే ఏం చేయాలి?

చీరల వ్యాపారికి కొనేవారు ఎక్కడుంటే అక్కడ ఉండక తప్పదు. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మానేయమనడం ఆచరణలో కుదిరే మాట కాదు. కానీ ఖాతాదారుల పేర్లు, నంబర్లు, బాకీల లెక్కలు యాప్ బయట కూడా రాసి ఉంచుకోవాలి. సొంత డొమైన్ పేరుతో చిన్న వెబ్‌సైట్, ఈమెయిల్ ఉంటే వేదిక మారినా చిరునామా మారదు.

కులసంఘాలు, తెలుగు సాంస్కృతిక సంఘాల లెక్క వేరు. పాత ఫొటోలు, సావనీర్లు, సభల వీడియోలు ఫేస్‌బుక్ పేజీలో మాత్రమే ఉంటే, ఆ పేజీ పోయిన రోజున సంఘం చరిత్ర కూడా పోతుంది. వాటి ప్రతులు సొంత హార్డ్ డిస్క్‌లో ఉండాలి. సర్వర్ చూసుకునే మనిషి, ఏటా ఖర్చు భరించే ఏర్పాటు రెండూ ఉన్నప్పుడే సొంత వికేంద్రీకృత వేదిక గురించి ఆలోచించాలి. లేకపోతే నమ్మకమైన వేరే సర్వర్‌లో సంఘం పేరిట ఖాతా తెరిచి, ఉన్న పేజీని కూడా కొనసాగించడం మేలు.

ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో ‘మీ సమాచారం డౌన్‌లోడ్’ చేసుకునే సదుపాయం ఉంది. ముందుగా ఆ పని చేసి పెట్టుకోవచ్చు. దీనికి ఖర్చేమీ లేదు.