రూపచింత: ఫిజీ ద్వీపముల పాఠము



యుక్తవయస్సు వచ్చిన పిల్లలు తమ రూపమును తామే చూచుకొని చిన్నబోవుటయు, నలుగురిలో నిలువ జంకుటయు మన మెల్లరము చూచుచున్నదే. ఇది కేవలము వయోధర్మమా యని విచారింపగా, ఫిజీ ద్వీపముల వృత్తాంతము నాకు మిక్కిలి బోధకముగా తోచినది.

ఆ దీవులు మనకు బొత్తిగా పరాయివి కావు. 1903 మొదలు మదరాసునుండి కూలియొడంబడికపై అచ్చటి చెరకుతోటలకు పోయినవారిలో తెలుగువారును గలరు. అయితే నేను చెప్పబోవునది అచ్చటి మూలవాసులగు ఫిజీయుల కథ. వారిలో పుష్టిగల దేహమునకే మెప్పు. అతిథికి కడుపార పెట్టుట మర్యాద. బిడ్డ అన్నము సయింపక చిక్కినచో, జబ్బుగా నెంచి మూలికల కషాయ మిచ్చెడివారు.

1995వ సంవత్సరమున అందలి నండ్రోంగా సీమకు టెలివిజను వచ్చెను. వచ్చిన కొలది వారములకే ఆన్ బెకర్ అను అమెరికా వైద్యురాలు పాఠశాల బాలికలను ప్రశ్నించెను. 1998లో అదే ప్రాయపు బాలికలను మరల ప్రశ్నించెను. భోజనవిషయమున మనస్సు చెదరిన లక్షణములు గలవారు మొదట నూటికి 13 మంది. పిదప 29 మంది. బరువు తగ్గుటకై తిన్నదానిని వెళ్లగ్రక్కుకొనువారు మొదట ఒక్కరును లేరు; పిదప నూటికి 11 మంది. లావైతిమని ఎప్పుడో యొకప్పుడు వగచినవారు నూటికి 74 మంది. రెండు పర్యాయములును వేర్వేరు బాలికలగుటచే, దోషమంతయు ఆ యంత్రముపైనే మోపుట న్యాయము కాదు. ఐనను, తరతరముల మెప్పు మూడేండ్లలో సడలజొచ్చెననుట స్పష్టము. పిల్లలు తమ దేహమును ఇతరుల కన్నులతోనే చూచుకొందురు.

ఆ ఇతరులలో నేనును ఒకడను. పంతులునై యుండగా ఒక బక్కపలుచని బాలుని "ఈనెపుల్లా" యని పిలిచెడివాడను. తరగతి యంతయు నవ్వెడిది; వాడును నవ్వెడివాడు. ఏడాది చివర ఛాయాచిత్రము తీయించిన నాడు వాడు రాలేదు. జ్వరమేమో యనుకొంటిని. తన సన్నని చేతులు చిత్రములో అందరు చూతురని వాడు పెరటిలో దాగెనని, పిమ్మట వాని తల్లి చెప్పగా తెలిసినది. అప్పటికి మా యూర టెలివిజనే లేదు.

నేడు బొమ్మలపెట్టె ఫోనై పిల్లల అరచేతికి వచ్చినది. దానిని ఆపుట మనకు శక్యము కాకపోవచ్చును. మన నోరు మన వశములోనిదే. పెండ్లిలోగాని రచ్చబండకడగాని పిల్లలు ఎదురుపడినప్పుడు "చిక్కితివి, నల్లబడితివి" అనక, ఏమి చదువుచున్నారో అడుగుడు. అన్నము మానినను, ఎవరికిని కనబడక తలుపు మూసికొన్నను, గేలిచేయక వైద్యునికి చూపుడు. నేను ఆలస్యముగా నేర్చిన పాఠమిది. మీరు ఆలస్యము చేయకుడు.